ఓడ పోయింది... ఫిరంగి మిగిలింది

పోలండ్‌లోని గ్డీనియా రేవు ముఖద్వారంలో ఆరేళ్లకు పైగా మునిగి పడి ఉన్న ఒక జర్మన్ యుద్ధనౌకను 1951 సెప్టెంబరులో పైకి తేల్చారు. అప్పటికే దాని ముందుభాగం లేదు. పెద్ద ఫిరంగులు ఒక్కటీ లేవు. మిగిలిన ఉక్కును ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేశారు. 1936లో కీల్ నగరంలో ఆర్భాటంగా జలప్రవేశం చేసిన ‘గ్నైజెనౌ’ ప్రస్థానం అలా ముగిసింది.

దాని ఫిరంగులది మాత్రం వేరే కథ. నార్వే మధ్యతీరంలో, ట్రోన్‌హైమ్ ఫియోర్డ్ అనే పొడవాటి సముద్రపు పాయ సముద్రంలో కలిసే చోట ఓర్లాన్ అనే ప్రాంతం ఉంది. పొలాలు, చెట్లు, పదిహేడో శతాబ్దపు జమీందారీ భవంతి ఒకటి. ఆ భవంతి పేరు ఔస్ట్రోట్. దానికి దగ్గర్లోని గుట్టలో గ్నైజెనౌ వెనకభాగం మీది టరెట్ చెక్కుచెదరకుండా ఉంది. ఉక్కు కవచం వేసిన గది, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన మూడు గొట్టాలు. ఒక్కో గొట్టం పొడవు 15 మీటర్లకు పైనే, బరువు 53 టన్నులు. టరెట్ మొత్తం కలిపి దాదాపు 800 టన్నులు. గొట్టం లోపలి వ్యాసం 28 సెంటీమీటర్లు. మూడేసి గొట్టాలున్న ఈ రకం టరెట్ ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదు.

సముద్రం మీద తిరగాల్సిన ఇంత బరువు కొండ ఎక్కడం వెనక ఒక బాంబు, ఒక నియంత కోపం, వేలమంది ఖైదీల వెట్టిచాకిరి ఉన్నాయి. మొదటి రెండింటి గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. మూడోదాని గురించి ఆలస్యంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

కీల్‌లో ఆ రాత్రి

1942 ఫిబ్రవరి 12న జర్మన్ నౌకాదళం ప్రపంచమంతా ముక్కున వేలేసుకునే సాహసం చేసింది. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో చిక్కుకుపోయిన గ్నైజెనౌ, దాని జంట నౌక షార్న్‌హోర్స్ట్, క్రూయిజర్ ప్రింట్స్ ఓయ్‌గెన్ పట్టపగలే ఇంగ్లిష్ చానల్ దాటి జర్మనీ చేరుకున్నాయి. బ్రిటిష్ విమానాలు, టార్పెడో పడవలు, తీరంలోని ఫిరంగులు ఏవీ వాటిని ఆపలేకపోయాయి. దారిలో మందుపాతర తగిలి గ్నైజెనౌ స్వల్పంగా దెబ్బతింది. మరమ్మతు కోసం కీల్‌లో డాక్ ఎక్కించారు.

రెండు వారాలు తిరిగాయి. ఫిబ్రవరి 26 రాత్రి బ్రిటిష్ బాంబర్లు కీల్ మీదికి వచ్చాయి. ఒక బాంబు గ్నైజెనౌ ముందుభాగంలో డెక్‌ను చీల్చుకుని లోపలికి దిగింది. ఫిరంగి మందు నిల్వలు అంటుకున్నాయి. ఆ పేలుడుకు అన్నిటికన్నా ముందున్న టరెట్ తన పీఠం మీంచి ఎగిరిపడింది. 112 మంది చనిపోయారు. చానల్ గుండా అంత బందోబస్తు మధ్య వచ్చిన ఓడ, ఇంటికి చేరాక రేవులో కూలబడింది.

ఎలాగూ పెద్ద రిపేరే కాబట్టి, 28 సెం.మీ. ఫిరంగులు పీకేసి వాటి స్థానంలో బిస్మార్క్ యుద్ధనౌకకు పెట్టినట్టు 38 సెం.మీ.వి పెడదామని నౌకాదళం ఆలోచించింది. తొమ్మిది చిన్నవాటికి బదులు ఆరు పెద్దవి. నౌకను గోటెన్‌హాఫెన్‌కు, అంటే నేటి గ్డీనియాకు తరలించి పని మొదలుపెట్టారు. పాడైన ముక్కు కోసేశారు, టరెట్లు దించారు. అంతలో 1942 డిసెంబరు 31న బేరెంట్స్ సముద్రంలో ఒక మిత్రపక్ష కాన్వాయ్ మీద దాడికి వెళ్లిన జర్మన్ పెద్ద నౌకలు, వాటికన్నా బలహీనమైన బ్రిటిష్ రక్షణ నౌకల చేతిలో భంగపడి ఒట్టి చేతులతో తిరిగొచ్చాయి. హిట్లర్ శివాలెత్తిపోయాడు. పెద్ద యుద్ధనౌకలన్నిటినీ తుక్కు చేయండి, వాటి ఫిరంగులు తెచ్చి ఒడ్డున పెట్టండి అన్నాడు. నౌకాదళాధిపతి రేడర్ పదవి వదులుకున్నాడు. తర్వాత వచ్చిన డోనిట్స్ కొన్ని నౌకలనైతే కాపాడుకోగలిగాడు గానీ గ్నైజెనౌ పని అక్కడితో ఆగిపోయింది. 1945 మార్చిలో సోవియట్ సేనలు దగ్గరపడుతుంటే ఆ మొండెం ఓడను రేవు దారికి అడ్డంగా ముంచేసి వెళ్లిపోయారు.

దించిన టరెట్లు మూడు దారుల్లో వెళ్లాయి. ముందున్న ‘ఆంటోన్’ బాంబుకు దెబ్బతింది కాబట్టి దాని గొట్టాలను విడదీసి నెదర్లాండ్స్‌లో హుక్ ఫాన్ హోలండ్ దగ్గర ఒక్కొక్కటిగా అమర్చారు. రెండోది ‘బ్రూనో’. అది నార్వేలోని బెర్గెన్ పట్టణానికి పడమరగా సోత్రా దీవిలోని ఫ్యెల్ కోటకు చేరింది. వెనకదైన ‘సేజర్’ ఔస్ట్రోట్‌కు వచ్చింది.

ఒడ్డెక్కితే బలం పెరిగింది

ఓడ ఫిరంగిని తెచ్చి నేల మీద పెట్టడం హిట్లర్ కోపంలోంచి పుట్టిన కొత్త ఆలోచనేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలోనే జర్మన్లు ఈ పని చేశారు. బయర్న్ తరగతి నౌకల కోసం క్రుప్ కంపెనీ తయారుచేసిన 38 సెం.మీ. ఫిరంగిని బెల్జియంలోని కూకలారె దగ్గర పాతి, 1917 జూన్ నుంచి నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న డంకర్క్ మీదికి గుండ్లు విసిరారు. 750 కిలోల గుండు అది.

ఈ అంకె ఎంతటిదో తెలియాలంటే మన తీరం కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ క్రూయిజర్ ‘ఎమ్డెన్’ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. అప్పటికి మద్రాసు తెలుగు జిల్లాలకూ రాజధానే. ఆ భయానికి జనం ఊరొదిలి పరుగులు తీశారు. ఎమ్డెన్ ఫిరంగులు 10.5 సెం.మీ.వి. ఒక్కో గుండు బరువు 17 కిలోల చిల్లర. డంకర్క్ మీద పడ్డది దానికి నలభై రెట్లకు పైన.

ఇంత పెద్ద గొట్టం పోత పోసి తీసేది కాదు. ఉక్కు దిమ్మెలను సాగగొట్టి, తొలిచి, ఒకదాని మీద ఒకటి వేడివేడిగా తొడిగి, లోపల మెలికల గాళ్లు కోసి తయారుచేయాలి. ఎసెన్‌లోని క్రుప్ కర్మాగారంలో ఒక్కో గొట్టానికి నెలల పని. పైగా దాని ఆయుష్షు రెండు మూడు వందల గుండ్లే. ఆ తర్వాత లోపలి గోడ అరిగి గురి తప్పుతుంది. అందుకే ఓడ ఆగిపోయినా ఫిరంగిని పారేసుకునే ప్రసక్తి లేదు. 1939 జూలైలో బిస్మార్క్ కన్నా పెద్దదైన ‘హెచ్’ తరగతి యుద్ధనౌకకు హాంబర్గ్‌లో శ్రీకారం చుట్టారు. సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఆ పని ఆగింది. దానికోసం క్రుప్ తయారుచేస్తున్న 40.6 సెం.మీ. ఫిరంగులు, ఒక్కో గొట్టం 20 మీటర్ల పొడవు, 159 టన్నుల బరువు, ఓడ లేకుండా మిగిలిపోయాయి. తీరరక్షణ విభాగం వాటిని తీసుకుంది.

ఒడ్డున పెడితే ఫిరంగికి కలిసొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. బిస్మార్క్ టరెట్‌లో 38 సెం.మీ. గొట్టం 30 డిగ్రీలకు మించి పైకి లేవదు. అంతకన్నా లేవాలంటే దాని వెనకభాగం కిందికి దిగడానికి చోటు కావాలి, ఓడలో ఆ చోటు లేదు. ఓడ మీద దాని పరిధి 36 కిలోమీటర్ల చిల్లర. అదే గొట్టాన్ని నేలలో తవ్విన గుండ్రటి కాంక్రీటు గోతిలో కూర్చోబెడితే 50 డిగ్రీలు దాటి లేస్తుంది. 800 కిలోల మామూలు గుండును 42 కిలోమీటర్ల దాకా, ప్రత్యేకంగా చేయించిన 495 కిలోల తేలికపాటి గుండును 55 కిలోమీటర్ల దాకా పంపగలిగింది. ఒక్కో గుండు వెనక నింపే మందు 200 కిలోలకు పైనే. అందులో ముందు సగం పట్టు సంచిలో, వెనక సగం పెద్ద బిందెంత ఇత్తడి తొడుగులో ఉండేది. పేలినప్పుడు ఆ ఇత్తడి ఉబ్బి గొట్టం వెనకభాగాన్ని బిగించేస్తుంది, మంట వెనక్కి తన్నదు. జర్మన్ పెద్ద ఫిరంగులన్నిటిదీ ఇదే పద్ధతి.

గురి సంగతి ఇంకా ముఖ్యం. ఓడ ఊగుతుంది, ఒరుగుతుంది, తనే ఎక్కడుందో లెక్కేసుకుంటూ ఉండాలి. కొండ కదలదు. సర్వే చేసిన రెండు మూడు చోట్ల దూరదర్శినులు పెట్టి, ఆ కోణాలు ఫోన్‌లో చెప్పుకుంటే శత్రునౌక ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తేలిపోతుంది. యుద్ధం నడిచేకొద్దీ రాడార్లూ వచ్చి చేరాయి. ఓడ మీద బాయిలర్లతో తిరిగే జనరేటర్ల కరెంటు ఇక్కడ డీజిల్ ఇంజన్ల నుంచి వచ్చేది. ఔస్ట్రోట్‌లో టరెట్ కింద రాతిని తొలిచి ఐదు అంతస్తుల లోతున గుండ్ల గదులు, మందు గదులు, యంత్రాలు, సిబ్బంది పడక గదులు కట్టారు. ఓడ పొట్టలో ఉండాల్సినవన్నీ కొండ పొట్టలో అమర్చారన్నమాట. 1943 సెప్టెంబరు నాటికి అది కాల్పులకు సిద్ధమైంది.

ఒక్కటే లోపం. ఓడ తప్పించుకుని పోగలదు. ఇది పోలేదు.

నార్వే మీద బెంగ

ఇంత మంచి ఫిరంగులను ఫ్రాన్స్ తీరానికి కాకుండా ఎక్కువ భాగం నార్వేకే ఎందుకు పంపారు? సమాధానం 1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఓస్లో ఫియోర్డ్‌లో ఉంది. నార్వేను ఆక్రమించడానికి వస్తున్న జర్మన్ దండుకు ముందు నడిచింది బ్లూషర్ అనే సరికొత్త క్రూయిజర్. ఫియోర్డ్ ఇరుకైన చోట ఓస్కార్స్‌బోర్గ్ కోట ఉంది. అందులో 1890ల నాటి మూడు 28 సెం.మీ. ఫిరంగులు. చేసింది మరెవరో కాదు, క్రుప్ కంపెనీయే. కోట అధిపతి కర్నల్ బిర్గర్ ఎరిక్సెన్ దగ్గర తగినంత మంది సిబ్బంది కూడా లేరు. రెండు గుండ్లు పేల్చగలిగాడు. రెండూ తగిలాయి. కోటలోని పాత టార్పెడోలు మిగతా పని పూర్తిచేశాయి. రెండు గంటలకు పైగా మండి బ్లూషర్ వందలమంది సైనికులతో మునిగింది. ఆ ఆలస్యంలో నార్వే రాజు, ప్రభుత్వం, బ్యాంకు బంగారం ఓస్లో దాటి వెళ్లిపోయారు.

ఇరుకు దారిలో ఒడ్డు ఫిరంగి ఏం చేయగలదో జర్మన్లకు అంతకన్నా చేదుగా ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత 1941 మార్చిలో లోఫోటెన్ దీవుల మీద, డిసెంబరులో మోలోయ్ మీద బ్రిటిష్ కమాండోలు దాడులు చేయడంతో హిట్లర్‌కు ఒక నమ్మకం కుదిరిపోయింది: మిత్రపక్షాలు యూరప్‌లో దిగేది నార్వేలోనే అని. బ్రిటన్ ఆ నమ్మకాన్ని చెరిగిపోనివ్వకుండా 1944లో లేని సైన్యాలను ఉన్నట్టు చూపించి మరీ పోషించింది. యుద్ధం ముగిసేనాటికి నార్వేలో మూడున్నర లక్షల మంది జర్మన్ సైనికులు ఉన్నారు, వారి అవసరం మరెక్కడో తీవ్రంగా ఉన్నప్పుడు.

నార్వేకు, డెన్మార్క్‌కు మధ్యన స్కాగరాక్ జలసంధి ఉంది. బాల్టిక్ సముద్రానికి అది వాకిలి. దాన్ని మూసేయడానికి జర్మన్లు వేసిన ఎత్తు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. డెన్మార్క్ వైపు హాన్స్‌ట్‌హోల్మ్‌లో నాలుగు 38 సెం.మీ. ఫిరంగులు, నార్వే వైపు క్రిస్టియాన్‌సాండ్ దగ్గర మోవిక్‌లో నాలుగు. రెండు వైపుల నుంచీ 55 కిలోమీటర్ల చొప్పున గుండు వెళ్తే నడుమ మిగిలేది పది కిలోమీటర్లు. అక్కడ మందుపాతరలు పరిచారు. ఇందుకోసం హాన్స్‌ట్‌హోల్మ్ జనాన్నంతా ఇళ్లు ఖాళీ చేయించి పంపేశారు. మోవిక్‌కు రావలసిన నాలుగో గొట్టం దారిలోనే ఓడతోపాటు మునిగిపోయింది. దానికోసం కట్టిన భారీ కాంక్రీటు గూడు మాత్రం ఫిరంగి లేకుండానే నిలిచింది.

గ్నైజెనౌకు పెడదామనుకున్న 38 సెం.మీ. జంట టరెట్ల కోసం డెన్మార్క్ పడమటి తీరంలో బ్లోవాన్ దగ్గర మరో స్థావరం మొదలుపెట్టారు. అప్పటికే 1944. అది పూర్తి కాలేదు. ఆ అసంపూర్ణ బంకర్‌నే కలుపుకొని బ్యార్కె ఇంగెల్స్ సంస్థ రూపకల్పన చేసిన ‘టిర్పిట్స్’ మ్యూజియం 2017లో తెరిచారు. ఇసుకదిబ్బలో కలిసిపోయినట్టుండే ఆ భవనాన్ని చూడటానికి వెళ్లేవాళ్లు ఇప్పుడు చాలామందే.

డోవర్ మీద పడ్డ గుండ్లు

ఈ ఫిరంగుల్లో నిజంగా ప్రాణాలు తీసినవి ఇంగ్లిష్ చానల్ ఒడ్డువే. ఫ్రాన్స్‌లో కాప్ గ్రీ నే దగ్గర ‘టోట్’ స్థావరం: నాలుగు 38 సెం.మీ. ఫిరంగులు, ఒక్కోదానికి ఒక కాంక్రీటు కోట. కొంచెం తూర్పున సాంగాత్‌లో ‘లిండెమన్’ స్థావరం: ఓడ లేకుండా మిగిలిన 40.6 సెం.మీ. ఫిరంగులు మూడు. బిస్మార్క్‌తోపాటు మునిగిన కెప్టెన్ ఎర్నస్ట్ లిండెమన్ పేరు దానికి పెట్టారు. మొదట వాటిని పోలండ్ తీరంలోని హెల్ ద్వీపకల్పంలో నిలిపి, 1942లో ఇక్కడికి తరలించారు.

ఎదురుగా 33 కిలోమీటర్ల దూరంలో డోవర్. ఫ్రాన్స్ ఒడ్డున పేలిన గుండు అక్కడ పడటానికి నిమిషం పైచిలుకు పట్టేది. 1940 ఆగస్టు నుంచి 1944 సెప్టెంబరు దాకా ఆ పట్టణం మీద రెండు వేలకు పైగా గుండ్లు పడ్డాయి. విమానదాడికి ఒక సైరన్, ఫిరంగి దాడికి వేరే సైరన్. జనం సున్నపురాయి కొండల్లోని గుహల్లో, సొరంగాల్లో తలదాచుకున్నారు. బ్రిటన్ కూడా ఇదే విద్య చూపింది. కింగ్ జార్జ్ 5 తరగతి యుద్ధనౌకల కోసం చేసిన 14 అంగుళాల అదనపు ఫిరంగులు రెండింటిని డోవర్ దగ్గర పెట్టి ఫ్రాన్స్ మీదికి గుండ్లు విసిరింది. వాటిలో ఒకదాన్ని ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ పేరు మీద ‘విన్నీ’ అని, రెండోదాన్ని పిల్లల కథలోని ఎలుగుబంటి పేరు మీద ‘పూ’ అని పిలిచేవారు.

1944 సెప్టెంబరు 26న లిండెమన్, మూడు రోజుల తర్వాత టోట్ స్థావరం కెనడా సైనికుల చేతికొచ్చాయి. సముద్రం వైపు చూస్తున్న ఫిరంగుల మీదికి వాళ్లు వచ్చింది వెనకవైపు నుంచి, నేల మీదుగా. లిండెమన్ కోటలు ఇప్పుడు కనబడవు. చానల్ టన్నెల్ తవ్వినప్పుడు తీసిన మట్టి కింద కప్పబడిపోయాయి. అక్కడి ఉక్కు కవచం ముక్క ఒకటి డోవర్ సముద్రతీరంలో జ్ఞాపకచిహ్నంగా నిలబెట్టారు. టోట్‌లోని ఒక కోట మ్యూజియం అయింది.

చానల్ దీవుల్లో ఒకటైన గెర్న్‌జీలోని ‘మిరుస్’ స్థావరం ఫిరంగులు జర్మన్‌వి కావు, అయినా వాటి ప్రయాణం చెప్పకుండా ఉండలేం. జారు చక్రవర్తి కాలంలో నల్లసముద్రపు యుద్ధనౌక ‘ఇంపరేటర్ అలెగ్జాండర్ 3’ కోసం చేసిన 30.5 సెం.మీ. ఫిరంగులవి. రష్యా అంతర్యుద్ధంలో ఓడిన శ్వేతసేన 1920లో ఆ నౌకను ట్యునీషియాలోని బిజెర్ట్‌కు తెచ్చి ఫ్రాన్స్ చేతిలో పెట్టింది. ఓడను తుక్కు చేసినా ఫిరంగులను ఫ్రెంచివాళ్లు దాచి ఉంచారు. 1940లో సోవియట్ దాడిని ఎదుర్కొంటున్న ఫిన్లాండ్‌కు ఇచ్చారు. వాటిని మోస్తున్న ఓడల్లో ‘నీనా’ అనేది బెర్గెన్‌లో ఉండగా జర్మన్లు నార్వేలో దిగారు. అందులోని నాలుగు ఫిరంగులు అలా జర్మన్ల పాలై గెర్న్‌జీ చేరాయి. ఆకాశం నుంచి చూసేవాళ్లను మోసగించడానికి ఫిరంగి చుట్టూ పల్లెటూరి ఇల్లులా గోడలు, కిటికీలు రంగులతో వేశారు. నాలుగు జెండాలు మారిన ఫిరంగి అది.

రాయి కొట్టిన చేతులు

ఇప్పుడు మూడో సంగతికి వద్దాం. నార్వేలో ఉత్తర ధ్రువవృత్తం దాటాక, హార్‌స్టాడ్ పట్టణం పక్కన ట్రోండెనెస్‌లో మధ్యయుగాల నాటి రాతి చర్చి ఒకటి ఉంది. దానికి పైన కొండ మీద 40.6 సెం.మీ. ఫిరంగులు నాలుగు. తేలికపాటి గుండును 56 కిలోమీటర్ల దాకా విసిరేవి. నార్విక్‌కు వెళ్లే సముద్రమార్గాన్ని కాపాడటం వాటి పని. నార్విక్ రేవు నుంచే స్వీడన్ ఇనుప ఖనిజం జర్మనీకి వెళ్లేది.

అక్కడ రోడ్లు వేసింది, బండ పగలగొట్టింది, కాంక్రీటు మోసింది సోవియట్ యుద్ధఖైదీలు. ఔస్ట్రోట్‌లో ఆ పని యుగోస్లావియా ఖైదీలతో, ముఖ్యంగా సెర్బులతో చేయించారు. చలికాలంలో సూర్యుడే కనబడని ప్రాంతాల్లో చినిగిన బట్టలతో, చాలీచాలని గంజితో పని. మొత్తం మీద దాదాపు లక్షమంది సోవియట్ యుద్ధఖైదీలను నార్వేకు తెచ్చారు. వారిలో సుమారు 13,700 మంది తిరిగి వెళ్లలేదు. యుగోస్లావియా నుంచి తెచ్చిన నాలుగు వేలకు పైగా ఖైదీల్లో సగానికి మించి చచ్చిపోయారు. ఫిరంగి స్థావరాలతోపాటు రోడ్లు, రైల్వే లైన్లు, జలాంతర్గాముల గూళ్లు వీరి చేత కట్టించినవే. నార్వే పల్లెల్లో కొందరు రొట్టెముక్కలు, చేపలు దారిపక్క దాచి వీరికి అందించేవారు. ప్రతిగా ఖైదీలు చెక్కతో చేసిన పిట్ట బొమ్మలు ఇచ్చేవారు. వాటిని కొన్ని కుటుంబాలు ఇప్పటికీ దాచుకున్నాయి.

ఇంత చేసి ఈ ఫిరంగులు సాధించింది ఏమిటి? ట్రోండెనెస్ ఫిరంగులు యుద్ధంలో శత్రువు మీద ఒక్క గుండూ పేల్చలేదు. ఔస్ట్రోట్ టరెట్ కూడా అంతే. అవి ఉండటమే శత్రువును రానివ్వలేదు అనే వాదన ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఓస్కార్స్‌బోర్గ్ అనుభవం తర్వాత ఏ సేనాని అయినా అలాంటి ఫియోర్డ్‌లోకి ఓడలు పంపే ముందు ఆలోచిస్తాడు. కానీ మిత్రపక్షాలు నార్వేలో పెద్దయెత్తున దిగాలని గట్టిగా అనుకున్నదే లేదు. రాని దండు కోసం కాపలా కాసిన ఫిరంగుల కింద పెట్టిన ఉక్కు, సిమెంటు, మనుషుల ప్రాణాలు ఏ లెక్కలో చూసినా దండగే అయ్యాయి. ఈ కోటలను ఇంజనీరింగ్ అద్భుతాలుగా మాత్రమే వర్ణించే రాతలు ఆ లెక్కను దాటేస్తాయి. అది అన్యాయం.

1945 మేలో జర్మన్లు లొంగిపోయాక ఫిరంగులు నార్వే సైన్యానికి దక్కాయి. ప్రచ్ఛన్నయుద్ధం మొదలైన రోజులవి. సోవియట్ నౌకలు రావచ్చన్న భయంతో నార్వే వీటిని నూనె పెట్టి, తుడిచి, అప్పుడప్పుడు పేల్చి చూసుకుంటూ ఉంచుకుంది. ఔస్ట్రోట్ టరెట్ చివరిసారి 1953లో, ట్రోండెనెస్ ఫిరంగి 1957లో మోగాయి. క్షిపణులు వచ్చాక వీటితో పని లేకపోయింది. ఔస్ట్రోట్‌ను 1968లో సైన్యం వదిలేసింది. ఆ ఏడే ఫ్యెల్ కోటలోని ‘బ్రూనో’ టరెట్‌ను కోసి తుక్కు కింద అమ్మారు. అది ఉన్న గొయ్యి మీద ఇప్పుడు అద్దాల గోపురం కట్టి కాఫీ అమ్ముతున్నారు. ఔస్ట్రోట్‌కు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. దాన్ని బాగుచేసి 1991లో మ్యూజియంగా తెరిచారు. మోవిక్‌లోనూ ఒక 38 సెం.మీ. ఫిరంగి మిగిలింది. గుండ్లు మోయడానికి వేసిన బుల్లి రైలు ఇప్పుడు సందర్శకులను తిప్పుతుంది.

సోవియట్ ఖైదీల సమాధులకు ఆ అదృష్టం లేదు. మృతుల కోసం వచ్చే సోవియట్ ప్రతినిధులు సైనిక స్థావరాల మీద గూఢచర్యం చేస్తారని అనుమానించిన నార్వే ప్రభుత్వం 1951లో ఉత్తర జిల్లాల్లోని సమాధులను తవ్వించింది. అస్థికలను తారు పూసిన కాగితం సంచుల్లో నింపి, ఓడల మీద షోట్టా అనే దీవికి తరలించి ఒకేచోట పాతిపెట్టింది. ఆ చర్యకు ‘ఆపరేషన్ ఆస్ఫాల్ట్’ అని పేరు. మో ఇ రానా పట్టణంలో జనం అడ్డుపడ్డారు, తమ ఊళ్లో పోయినవాళ్లను కదిలించవద్దన్నారు. ఎన్నోచోట్ల ఖైదీలు బతికి బయటపడ్డాక తమ తోటివారికి కట్టుకున్న స్మారకాలను అధికారులు పగలగొట్టించారు. షోట్టాలో ఇప్పుడు 7,500 మందికి పైగా ఉన్నారు. చాలాకాలం వారి సమాధి మీద పేర్లు లేవు.

ఆ పేర్లను తిరిగి పోగుచేసే పని మెల్లగా సాగుతోంది. ట్రోన్‌హైమ్‌కు ఉత్తరాన, ఒకప్పుడు నాజీల ఖైదు శిబిరం నడిచిన ఫాల్‌స్టాడ్‌లో ఇప్పుడు ఒక స్మారక కేంద్రం ఉంది. నార్వేలో చనిపోయిన సోవియట్, యుగోస్లావ్ ఖైదీల వివరాలను ఆ కేంద్రం ఎవరైనా వెతికి చూసుకోగలిగేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. జర్మన్ శిబిరాల కార్డుల్లో రాసి ఉన్న పేరు, పుట్టిన ఊరు, చనిపోయిన చోటు దొరికిన మేరకు అందులో ఉంటాయి. ఉద్యోగాలకనో, ఉత్తర ధ్రువకాంతులు చూద్దామనో నార్వే వెళ్లే తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఔస్ట్రోట్‌కో, ట్రోండెనెస్‌కో వెళ్లి ఆ ఫిరంగుల ముందు ఫోటో దిగేవాళ్లు, ఆ కొండ తొలిచిన ఖైదీల జ్ఞాపకచిహ్నం ఎక్కడుందో గైడ్‌ను అడిగి అక్కడిదాకా కూడా వెళ్లి రండి.